కస్సీ రేవు నుంచి సముద్రపు కోనలోకి

ఫ్రాన్స్ దక్షిణ తీరంలో, మార్సెయ్ నగరానికీ కస్సీ అనే చిన్న రేవు ఊరికీ నడుమ సున్నపురాతి కొండల్లోకి సముద్రం చొచ్చుకువచ్చిన సన్నని కోనలున్నాయని, వాటిని అక్కడివాళ్లు ‘కలాంక్’ అంటారని కిందటి నెల ఈ శీర్షికలో నాలుగు వాక్యాలు రాశాను. ఆ నాలుగు వాక్యాలూ చాలలేదని ఈసారి వచ్చిన ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. అందుకే ఈ సంచికలో అన్ని జవాబులూ ఆ కోనల గురించే.

ప్రశ్న: మా అమ్మాయి లియాన్ నగరంలో ఉద్యోగం చేస్తోంది. వచ్చే మే నెలలో మేమిద్దరం వెళ్లి ఆమె దగ్గర కొన్నాళ్లు ఉండబోతున్నాం. మా యానాంలో 1954 దాకా ఫ్రెంచివారి పాలనే కావడంతో, మార్సెయ్ నుంచి పుదుచ్చేరికి వచ్చే ఓడల ముచ్చట్లు చిన్నప్పుడు పెద్దల నోట వింటూ పెరిగాను. ఆ ఊరు ఎలాగూ చూస్తాం. మీరు రాసిన కోనల్లో జనసమ్మర్దం లేని ఒక్కదానికి లాంచీలో వెళ్లి, దిగి, ఒక పూట కూర్చుని రావాలని మా కోరిక. నా భార్యకు మోకాళ్ల నొప్పి ఉంది, కొండదారిలో నడవలేదు. వీలవుతుందా? (యానాం నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు)

జవాబు: మాస్టారూ, మీ కోరికలో సగం నెరవేరుతుంది. తక్కిన సగం గురించి ఇప్పుడే చెప్పకపోతే రేవులో టికెట్టు కొన్నాక మీరు నొచ్చుకుంటారు. కస్సీ రేవులో వరసగా కట్టి ఉండే విహార లాంచీలు కోనల్లోకి వెళ్తాయి, లోపల కాసేపు నెమ్మదిస్తాయి, తిరిగి వస్తాయి. అంతే తప్ప ఎవరినీ ఒడ్డున దింపవు, ఈతకు ఆపవు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఈ సంగతి తెలియక తువ్వాలు, మార్చుకునే బట్టలు సంచిలో పెట్టుకుని మరీ ఎక్కాను. ఆ సంచి ఒళ్లో పెట్టుకునే వెనక్కి వచ్చాను.

అయినా వెళ్లమనే చెబుతాను. లియాన్ నుంచి మార్సెయ్‌కి వేగపు రైలులో రెండు గంటలలోపే చేరతారు. మార్సెయ్ సెయింట్ షార్ల్ స్టేషను నుంచి కస్సీకి ప్రాంతీయ రైలు అరగంటలోపు తీసుకువెళ్తుంది. కస్సీ స్టేషను ఊరికి ఎగువన, రేవుకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి బస్సు గానీ టాక్సీ గానీ ఎక్కండి. దిగుడుదారే కదా అని నడిపిస్తే అమ్మగారి మోకాళ్లు రేవు చేరేలోపే మొరాయిస్తాయి. అన్నట్టు, ఊరి పేరు చివర ‘ఎస్’ అక్షరం రాస్తారు గానీ అక్కడివాళ్లు పలకరు, ‘కస్సీ’ అనే అంటారు. ఆ అక్షరాన్ని పలికితే అదే స్పెల్లింగు గల ఒక నల్లటి పండు పేరు అవుతుంది. ఫ్రెంచి చదువుకున్న మీకు ఇది సరదాగా ఉంటుందని చెప్పాను.

లాంచీ ప్రయాణాలను ఎన్ని కోనలు చూపిస్తారన్న లెక్కన అమ్ముతారు. మూడు కోనల ప్రయాణానికి ముప్పావుగంట పడుతుంది. అయిదింటికి గంట దాటుతుంది, ఎనిమిదీ తొమ్మిదీ అయితే గంటన్నర నుంచి రెండు గంటలు. మీకు అయిదు కోనల ప్రయాణం సరిపోతుందని నా అభిప్రాయం. మూడు కోనలదానిలో పోర్ మియు, పోర్ పాన్, ఆన్‌వో మాత్రమే ఉంటాయి, మనసు నిండకముందే రేవు వచ్చేస్తుంది. అయిదు కోనలదాంట్లో వాటిని దాటి దవాన్సోన్ దాకా వెళ్తారు. అక్కడ కొండ నేరుగా నీళ్లలోకి దిగిపోతుంది, మనిషి నిలబడేందుకు ఒడ్డు అన్నదే ఉండదు. మీరు అడిగిన ఏకాంతం నిజానికి ఉన్నది అక్కడే. తొమ్మిది కోనల ప్రయాణం బాగుంటుంది కానీ చివరి అరగంట తెరిచిన సముద్రం మీద ఊగుతూ సాగుతుంది, పైగా ఆరో కోన తరవాత కళ్లు అలిసిపోయి ఏది ఏదో గుర్తుండదు.

కూర్చునే చోటు కోసం తోసుకోనక్కరలేదు. రేవు దాటాక లాంచీ పడమరకు, అంటే కుడిచేతివైపుకు తిరుగుతుంది. వెళ్లేటప్పుడు కొండలు కుడివైపు వారికి, వచ్చేటప్పుడు ఎడమవైపు వారికి దగ్గరవుతాయి. రేవు దాటుతున్నప్పుడు మాత్రం ఒకసారి ఎడమవైపు చూడండి. తక్కిన కొండలన్నీ తెల్లగా ఉంటే, 394 మీటర్ల ఎత్తున్న కానాయ్ కొండ ఒక్కటీ ఎర్రమట్టి రంగులో నిలబడి ఉంటుంది. ఫ్రాన్స్‌లో సముద్రానికి ఆనుకుని ఉన్న కొండచరియల్లో అదే అన్నిటికన్నా ఎత్తయినది.

మొదట వచ్చే పోర్ మియు పొడవైన కోన. దాని నిండా ప్రైవేటు పడవలు కట్టేసి ఉంటాయి కాబట్టి అది కోనలా కాక పడవల సంతలా కనిపిస్తుంది. ఒడ్డున పాత రాతి క్వారీ ఆనవాళ్లు, రాయిని ఓడల్లోకి జారవిడిచిన కట్టడం ఇప్పటికీ చూడవచ్చు. పోర్ పాన్ చిన్నది, పేరుకు తగ్గట్టే చుట్టూ పైన్ చెట్లు. మూడోది ఆన్‌వో. ఈ ప్రయాణమంతా దాని కోసమే. లాంచీ దాని మూతి దగ్గరకు రాగానే సరంగు వేగం తగ్గిస్తాడు. రెండు పక్కలా తెల్లటి గోడలు దగ్గరకు జరుగుతాయి, సముద్రపు గాలి తెగిపోతుంది, అంతసేపూ వినిపించిన ఇంజను చప్పుడు రాళ్లకు కొట్టుకుని మన వెనక నుంచి వస్తున్నట్టు అనిపిస్తుంది. ముదురు నీలంగా ఉన్న నీరు కాస్త ముందుకెళ్లగానే నెమలికంఠం రంగుకూ, ఇంకా ముందుకు లేతాకుపచ్చకూ మారుతుంది. అక్కడి నుంచి అడుగున ఉన్న తెల్ల గులకరాళ్లు కనబడతాయి, పక్కన ఆగిన చిన్న పడవ నీడ వాటి మీద పడి కదులుతుంటుంది. పడవ గాలిలో వేలాడుతోందా అనిపించేది ఆ నీడ వల్లనే. కోన చివర గులకరాళ్ల ఒడ్డు ఒక చిన్న పెరడంత ఉంటుంది. గోడల మీద రంగు రంగుల చుక్కల్లా కదిలేవి రాతి ఎక్కే మనుషులు. మార్సెయ్‌లో పుట్టిన ప్రసిద్ధ పర్వతారోహకుడు గాస్తోన్ రెబ్యుఫా చేయి తిరిగింది ఈ కోనల రాళ్ల మీదే.

ఇది చూడటానికి రోజులో మధ్యాహ్నానికి ముందు వేళ మంచిది. సాయంత్రమయ్యేసరికి గోడల నీడ నీటి మీద పడి ఆ రంగులన్నీ చల్లారిపోతాయి. నెల విషయంలో మీ ఎంపిక సరైనదే. జూలై, ఆగస్టుల్లో ఆ పెరడంత ఒడ్డు మీద తువ్వాళ్ల మధ్య కాలు పెట్టే సందుండదు. అప్పుడు ఏకాంతం అన్న మాట ఎత్తకపోవడమే మర్యాద. మే నెలలో, అందులోనూ వారం మధ్యలో, ఉదయపు మొదటి లాంచీలో వెళ్తే మీకు ఆ నిశ్శబ్దం కొంతైనా దక్కుతుంది.

ఇక నీళ్లలో కాళ్లు పెట్టాలన్న కోరిక మిగిలిపోకుండా, లాంచీ దిగాక రేవు పక్కనే ఉన్న గ్రాంద్ మేర్ ఒడ్డున కూర్చోండి. ఎదురుగా ఎర్రటి కానాయ్ కొండ, అమ్మగారికి మెట్లు లేవు, కొండదారి లేదు. కోనలో దిగడం తప్పనిసరి అనుకుంటే కొద్దిమందిని ఎక్కించుకుని ఈతకు ఆపే చిన్న పడవలు మార్సెయ్, కస్సీ, లా సియొతా రేవుల నుంచి దొరుకుతాయి. వాటిలోనూ పడవ అంచు నుంచి నిచ్చెన మీదుగా లోతు నీళ్లలోకే దిగాలి కాబట్టి మీ ఇద్దరికీ దానిని సూచించను.

ప్రశ్న: సముద్రపు ఒడ్డునే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి అడుగుతున్నాను. ఆ ఇరుకు కోనల్లోకి పడవ వెళ్లాలంటే పోటు వేళ చూసుకోవాలా? కెరటాలు ఎక్కువగా ఉంటే ఏం చేస్తారు? (విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మీ ప్రశ్న సహజమైనదే కానీ మధ్యధరా సముద్రానికి మన బంగాళాఖాతపు లెక్కలు సరిపోవు. దాదాపు నాలుగు పక్కలా భూమి ఉండి, జిబ్రాల్టర్ దగ్గర సన్నని సందు గుండా మాత్రమే మహాసముద్రంతో కలిసిన నీరు అది. కస్సీ తీరంలో పోటుకూ పాటుకూ తేడా అర మీటరు కూడా ఉండదు. కాబట్టి అక్కడి పడవవాళ్లు పోటు వేళలు చూడరు, గాలిని చూస్తారు.

ఆ గాలి పేరు మిస్ట్రాల్. రోన్ నది లోయ వెంబడి ఉత్తరం నుంచి దిగివచ్చే పొడి, చల్లని గాలి. అది వీచే రోజున ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ కాస్తూనే ఉంటుంది, కిటికీలోంచి చూసిన మనకు ఇంతకన్నా మంచి రోజు ఉంటుందా అనిపిస్తుంది. రేవుకు వెళ్తే లాంచీలన్నీ కట్టేసి ఉంటాయి, లేదా దూరపు ప్రయాణాలు రద్దుచేసి దగ్గరి కోనలకే నడుపుతుంటారు. ఒకసారి నేను అలా ఒక పూటంతా రేవు గట్టు మీద టోపీ పట్టుకుని కూర్చున్నాను. అందుకే కస్సీకి ఒక్క రోజే పెట్టుకుని వెళ్లవద్దని, కనీసం ఒక రాత్రి ఆ చుట్టుపక్కల ఉండేలా చూసుకోమని ఎవరడిగినా చెబుతాను.

మిస్ట్రాల్ చేసే ఇంకో పని ఉంది. తీరం దగ్గర ఎండకు వెచ్చబడిన పైనీటిని అది లోపలికి తోసేస్తుంది, ఆ ఖాళీలోకి అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. మొన్నటిదాకా గోరువెచ్చగా ఉన్న కోన, గాలి తగ్గిన మర్నాడు కాలు పెడితే జివ్వుమనేలా ఉండటానికి కారణం అదే. నడివేసవిలోనూ ఇది జరుగుతుంది. మీ విశాఖ నీటి వెచ్చదనం అలవాటైనవారు ఒక్కసారిగా దూకకుండా మెల్లగా దిగడం మంచిది.

ప్రశ్న: ఆ కోనలు ఎలా ఏర్పడ్డాయి? నదులు కోసినవా, సముద్రం కోసినదా? మా పిల్లలకు పాఠంలో చెప్పాలనుకుంటున్నాను. (ప్రొద్దుటూరు నుంచి ఒక భూగోళశాస్త్ర ఉపాధ్యాయిని)

జవాబు: మీ పిల్లలకు చెప్పడానికి మీ జిల్లాలోనే మంచి పోలిక ఉంది. గండికోట దగ్గర పెన్న కొండను కోసుకుంటూ పోయిన లోయను ఊహించమనండి. ఆ లోయ సముద్రం ఒడ్డున ఉందనీ, సముద్రం మెల్లగా పైకి లేచి అందులోకి వచ్చి నిండిందనీ అనుకోమనండి. కలాంక్ అంటే స్థూలంగా అదే. రాయి మాత్రం వేరు. ఆన్‌వో చుట్టూ ఉన్నది సుమారు 12 కోట్ల ఏళ్ల కిందట వెచ్చని లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న సున్నపురాయి. సున్నపురాయి వాననీటికి కరుగుతుంది కాబట్టి పగుళ్లు సొరంగాలవుతాయి, సొరంగాలు గుహలవుతాయి. మన బొర్రా గుహలనూ ఆ తీరాన్నీ కలిపేది ఈ గుణమే.

సముద్రం పైకి లేచిన కథ ఇంకా ఆసక్తికరమైనది. సుమారు 60 లక్షల ఏళ్ల కిందట మహాసముద్రంతో దారి మూసుకుపోయి మధ్యధరా చాలావరకు ఎండిపోయింది. అప్పుడు ఆ తీరంలో పారే నదుల నీళ్లు చాలా లోతు దాకా కోసుకుంటూ దిగాయి. లాంచీలో మొదట చూసే పోర్ మియు కోనలో నేటికీ ఒక భూగర్భ నది నీటి కిందే సముద్రంలో కలుస్తుంది, గజ ఈతగాళ్లు దాని సొరంగంలో 200 మీటర్లకు మించిన లోతు దాకా వెళ్లారు. దారి మళ్లీ తెరుచుకుని సముద్రం నిండింది. తరవాత మంచుయుగాల్లో నీటిమట్టం పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. సుమారు 20,000 ఏళ్ల కిందట అది ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి ఉండేది. మీరు లాంచీలో తేలుతున్న చోట అప్పుడు మనుషులు నడిచారు.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. 1985లో కస్సీకి చెందిన గజ ఈతగాడు ఆన్రీ కోస్కేర్ ఈ తీరంలోనే ఉన్న మోర్జియు కొండ అడుగున, 37 మీటర్ల లోతులో ఒక సొరంగం మూతిని చూశాడు. వంద మీటర్లకు పైగా పైకి ఏటవాలుగా సాగే ఆ సొరంగం నీళ్లు లేని ఒక గుహలోకి తెరుచుకుంటుంది. గోడల మీద గుర్రాలు, సీల్ జంతువులు, ఇప్పుడు అంతరించిపోయిన ఒక సముద్రపు పక్షి బొమ్మలు, మనుషుల అరచేతుల గుర్తులు ఉన్నాయి. వాటిలో కొన్ని 27,000 ఏళ్ల నాటివి, మరికొన్ని 19,000 ఏళ్ల నాటివి. 1991లో ఆ సొరంగంలో దారితప్పి ముగ్గురు ఈతగాళ్లు చనిపోయాక గుహ సంగతి లోకానికి తెలిసింది, మూతిని మూసేశారు. సందర్శకులెవరూ వెళ్లే వీలు లేదు కానీ దాని నమూనాను మార్సెయ్ రేవు ఒడ్డున కట్టి 2022లో తెరిచారు. లాంచీలో కోనలు చూసిన మర్నాడు దాన్ని చూస్తే రెండూ ఒకదానికొకటి అర్థమవుతాయి.

ప్రశ్న: నేనూ నా ముగ్గురు స్నేహితులూ ఆగస్టులో వెళ్తున్నాం. లాంచీలు ముసలివాళ్లకు బాగుంటాయి. మేం కయాక్‌లు గానీ, లైసెన్సు అక్కరలేని చిన్న మోటారు పడవ గానీ అద్దెకు తీసుకుని ఆన్‌వోకి వెళ్లి, రాత్రి అక్కడే టెంటు వేసుకుని, పొద్దున డ్రోన్‌తో వీడియో తీద్దామనుకుంటున్నాం. సలహా ఇవ్వగలరు. (హైదరాబాదు నుంచి ఒక యువకుడు)

జవాబు: ముసలివాళ్ల లాంచీలో ఎక్కి బాగుందన్నవారిలో నేనొకణ్ని. సరే, మీ ప్రశ్నకు వస్తాను. కయాక్‌లు కస్సీలో అద్దెకు దొరుకుతాయి, ఆరు గుర్రాల శక్తికి మించని మోటారు పడవను లైసెన్సు లేకుండా నడపడానికి ఫ్రాన్స్ చట్టం ఒప్పుకుంటుంది. అంతవరకు మీ ఆలోచన సక్రమమే. టెంటూ డ్రోనూ మాత్రం మరిచిపోండి. 2012 ఏప్రిల్‌లో ఈ తీరమంతా జాతీయ ఉద్యానవనమైంది. అందులో రాత్రి బస చేయడం, నిప్పు రాజేయడం, అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం నిషిద్ధం.

కొండలలో జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా కార్చిచ్చు భయం. రేపు కొండదారులు తెరుస్తారా మూస్తారా అన్నది ముందురోజు సాయంత్రం ప్రకటిస్తారు. నడిచి వెళ్లి పడవలో వద్దామనో, పడవలో వెళ్లి నడిచి వద్దామనో అనుకునేవారు అది చూడకుండా బయలుదేరకూడదు. సుజితోన్ అనే కోనకు ఒకప్పుడు వేసవిలో రోజుకు 2,500 మంది దాకా వచ్చి, ఆ తొక్కుడుకు మట్టి కొట్టుకుపోయి చెట్ల వేళ్లు బయటపడేసరికి, 2022 నుంచి రద్దీ రోజుల్లో 400 మందికే ముందస్తు నమోదుతో ప్రవేశమిస్తున్నారు. నమోదు ఉచితమే, కానీ అది లేకుండా వెళ్తే జరిమానా. ఈ కట్టడి ఎక్కువైందని ఫిర్యాదు చేసేవారున్నారు, నాకు మాత్రం ఇంత ఆలస్యంగా ఎందుకు పెట్టారా అనిపించింది.

కయాక్ తీసుకునేటప్పుడు గుర్తుంచుకోవాల్సినది ఒక్కటే, పైన విశాఖ పాఠకురాలికి రాసిన గాలి. మిస్ట్రాల్ నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. వెళ్లేటప్పుడు ఎవరో వెనక నుంచి తోసినట్టు హాయిగా ఉంటుంది, తిరిగేటప్పుడు చేతులు పడిపోయినా రేవు దగ్గరపడదు. అద్దెకిచ్చేవాళ్లు ‘ఈ రోజు వద్దు’ అంటే బేరమాడకండి. తాగే నీళ్లు మీ వెంటే తీసుకువెళ్లండి, ఆన్‌వోలో అంగడి లేదు, కుళాయి లేదు.

ప్రశ్న: కిందటి మార్చిలో మార్సెయ్ వైపు ఒక చిన్న తీరానికి పడవలో వెళ్లాం. ఒడ్డంతా నల్లటి గడ్డి కుప్పలు, వాటి మధ్య గోధుమరంగు ఉండలు. శుభ్రతకు పేరుపడ్డ దేశంలో చెత్త ఎత్తేవాళ్లు లేరా? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ ఉండల్లో ఒకటి చేతిలోకి తీసుకుని ఉంటే మీకు వెంటనే కొబ్బరిపీచు గుర్తొచ్చేది. అచ్చం పీచును అరచేతుల మధ్య నలిపి గుండ్రంగా చుట్టినట్టే తేలిగ్గా, గరుకుగా ఉంటుంది. దాన్ని చుట్టినది కెరటం. అది పొసిడోనియా అనే సముద్రపు గడ్డి పీచు. నాచు కాదు, వేళ్లూ ఆకులూ పూలూ ఉన్న మొక్క. అక్కడి రకం మధ్యధరాలో తప్ప మరెక్కడా పెరగదు. చేపలు గుడ్లు పెట్టేది, పిల్లలు దాక్కునేది ఆ గడ్డిబీళ్లలోనే. రాలిన ఆకులు ఒడ్డున కుప్పపడి చలికాలపు కెరటాలకు ఇసుక కొట్టుకుపోకుండా కాపాడతాయి. ఎత్తేస్తే ఒడ్డే సన్నబడుతుంది కాబట్టి చాలాచోట్ల కావాలనే వదిలేస్తారు.

ఆ మొక్క ఏడాదికి కొద్ది సెంటీమీటర్లే పాకుతుంది. ఒక పడవ లంగరు ఈడ్చుకుపోతే ఒక్క నిమిషంలో పెళ్లగిలిన జాగా మళ్లీ పచ్చబడటానికి మనిషి జీవితకాలం చాలదు. ఫ్రాన్స్ దానికి 1988 నుంచే చట్టరక్షణ ఇచ్చింది. హైదరాబాదు యువకుడు మోటారు పడవ తీసుకుంటే ఇది ఆయనకూ వర్తిస్తుంది. పైనుంచి చూసినప్పుడు నీటి అడుగు నల్లగా కనిపిస్తే అది గడ్డి, తెల్లగా కనిపిస్తే ఇసుక. లంగరు వేయడానికి అనుమతి ఉన్న చోటనే, అదీ తెల్లటి జాగాలోనే వేయాలి.

ప్రశ్న: మేం చేపలు కూడా తినని శాకాహారులం. పడవ దిగాక ఆ రేవులో ఆకలితో ఉండాల్సిందేనా? (గుంటూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: అక్కర్లేదు. మార్సెయ్ ప్రాంతంలో ‘పనీస్’ అనే తినుబండారం ఉంది. శనగపిండిని నీళ్లలో ఉండలు కట్టకుండా ఉడికించి, గట్టిపడ్డాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. పైన ఉప్పు, మిరియాలపొడి చల్లుతారు. లోపల మెత్తగా, అంచున కరకరలాడుతూ ఉంటుంది. కారం మీరే తీసుకువెళ్లాలి. అయితే అది రేవు ఊరు కాబట్టి చేపలు వేయించిన నూనెలోనే వీటినీ వేయించే అవకాశం ఉంది, ఆర్డరు ఇచ్చే ముందు ఆ మాట అడగండి.